స్టార్టింగ్ ఫైవ్‌లో ఎవరు? ముందు స్టార్ కూర్చునే నిమిషాలు చూడండి

సీజన్ దగ్గరపడుతోందంటే బాస్కెట్‌బాల్ అభిమానుల మధ్య ఒకటే గొడవ: మన జట్టులో మొదటి ఐదుగురు ఎవరు? ఒకరు ఆటగాళ్లను గొప్పతనం వరసలో పేర్చి పై ఐదుగురినీ దించేస్తారు. ఇంకొకరు ఆట నడిపే పాయింట్ గార్డ్ నుంచి రింగ్ దగ్గర ఆడే పొడుగాటి సెంటర్ దాకా పొజిషన్‌కు ఒకరి చొప్పున ఏరుతారు. మరొకరు తనకు నచ్చిన ఆటగాడు బెంచ్ మీద కూర్చోవడానికి ససేమిరా ఒప్పుకోరు. అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. ఏ జట్టులోనైనా ఆ మొదటి ఐదుగురూ ఒకేసారి కోర్టు మీద ఉండేది మామూలుగా ఆటలో సగం కంటే తక్కువే. మిగతా సమయమంతా ఇద్దరో ముగ్గురో స్టార్టర్లు, వాళ్లతో బెంచ్ నుంచి వచ్చినవాళ్లు కలిసి ఆడతారు.

అందుకే లైనప్‌ను వెనక నుంచి కట్టుకుంటూ రావాలన్నది నా గట్టి అభిప్రాయం. జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు 36 నిమిషాలు ఆడితే, అతను లేని 12 నిమిషాలు ఉంటాయి. ముందు ఆ 12 నిమిషాలు ఎవరితో గట్టెక్కాలో తేల్చండి. అందుకు కావాల్సినవాళ్లను పక్కన పెట్టుకున్నాక స్టార్టింగ్ ఫైవ్ గురించి మాట్లాడితే, సగం వాదనలు వాటంతటవే సర్దుకుంటాయి. ఉదాహరణలన్నీ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ నుంచే తీసుకుంటున్నాను. అక్కడి ఆటలు అందరూ చూసినవి, ఫలితాలు అందరికీ తెలిసినవి.

240 నిమిషాల లెక్క

ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు, కోర్టు మీద ఐదుగురు. అంటే కోచ్ పంచగలిగేది మొత్తం 240 నిమిషాలు. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనలతో ఆడే లీగుల్లో ఆట 40 నిమిషాలే కాబట్టి అక్కడ 200. వాదనకు దిగేముందు ఒక కాగితం మీద పేర్లు రాసి, పక్కన నిమిషాలు వేసి కూడండి. ఎవరికి ఎంత దక్కాలో విడివిడిగా అనుకుంటూ వేస్తే మొత్తం 240 ఇట్టే దాటిపోతుంది.

తొమ్మిది మంది రొటేషన్ (వంతులవారీగా ఆడే బృందం) ఒకటి ఊహించుకుందాం. స్టార్ పాయింట్ గార్డ్‌కు 36, రెండో స్టార్ అయిన వింగ్‌కు (కోర్టు పక్కల ఆడేవాడికి) 34, అవతలి జట్టు స్టార్‌ను కాసే డిఫెండర్‌కు 34, ఫార్వర్డ్‌కు 32, సెంటర్‌కు 26. ఐదుగురికీ కలిపి 162. మిగిలిన 78లో సిక్స్త్ మ్యాన్‌కు (బెంచ్ నుంచి మొదట వచ్చేవాడికి) 26, రెండో సెంటర్‌కు 22, ఒక షూటర్‌కు 18, రెండో పాయింట్ గార్డ్‌కు 12. లెక్క సరిపోయింది. ఇప్పుడు దీన్ని కాస్త నిదానంగా చూడండి. సెంటర్లిద్దరివీ కలిపితే సరిగ్గా 48. అంటే ఈ జట్టు సెంటర్ లేకుండా, పొడుగు తగ్గించి వేగంగా ఆడే లైనప్‌ను ఒక్క నిమిషం కూడా వాడదు. అది కావాలంటే రెండో సెంటర్ దగ్గర ఏడెనిమిది నిమిషాలు కోయాలి. కొత్తగా వచ్చిన కుర్రాడికి 15 నిమిషాలు ఇవ్వాలంటే ఆ షూటర్ దాదాపుగా రొటేషన్ నుంచి బయటికి పోవాలి. "కుర్రాడిని ఆడించండి" అనేవాళ్లను నేను అడిగేది ఒకటే: ఎవరి నిమిషాలు తీసి? పేరు చెబితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇద్దరు స్టార్లు జంటగానా, విడివిడిగానా

ఎక్కువ తేడా చూపించేది ఈ ఎంపికే. స్టార్టింగ్ ఫైవ్ గురించి జరిగేంత చర్చ దీని మీద జరగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇద్దరు స్టార్లూ చెరో 36 నిమిషాలు ఆడతారనుకోండి. ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెడితే 36 నిమిషాలు కలిసి ఆడతారు, 12 నిమిషాలు ఇద్దరూ ఉండరు. పూర్తిగా విడదీస్తే 24 నిమిషాలు కలిసి ఆడతారు, చెరో 12 నిమిషాలు ఒంటరిగా బెంచ్‌తో ఆడతారు, ఇద్దరూ లేని నిమిషం ఒక్కటి కూడా ఉండదు. ఈ రెండింటి మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు.

విడదీయడానికి మంచి నమూనా 2017-18 హ్యూస్టన్ రాకెట్స్. కోచ్ మైక్ డాంటోనీ జేమ్స్ హార్డెన్, క్రిస్ పాల్‌లలో ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ కోర్టు మీద ఉండేలా చూసుకున్నాడు. ఇద్దరూ బంతి చేతిలో పట్టుకుని ఆటను సొంతంగా నడిపించగలవాళ్లు. ఆ జట్టు సీజన్‌లో 65 ఆటలు గెలిచింది. అవతలి జట్టు బెంచ్ ఆడుతున్న సమయంలో ఎదురుగా హార్డెనో పాలో ఉంటే ఆ ఐదారు నిమిషాల్లోనే తేడా పెరిగిపోతుంది.

కానీ ప్రతి జంటా అలాంటిది కాదు. రెండో స్టార్ గాల్లోకి ఎత్తి వేసే లాబ్ పాస్ అందుకుని డంక్ చేసే సెంటరో, సహచరులు అడ్డం నిలబడి పెట్టే స్క్రీన్ల చుట్టూ తిరిగి షాట్ వేసే షూటరో అయితే, పాస్ ఇచ్చేవాడు లేకుండా అతన్ని బెంచ్ నలుగురితో వదిలితే సగం ఆటగాడు అయిపోతాడు. అలాంటి జంటను విడదీయొద్దు. బదులుగా స్టార్ లేనప్పుడు ఆట నడిపే మంచి రెండో పాయింట్ గార్డ్‌ను బెంచ్ మీద ఉంచుకోండి. అతను స్టార్టింగ్ ఫైవ్‌లోకి రావడానికి తగినవాడే అయినా సరే, అక్కడ ఉంటేనే జట్టుకు ఎక్కువ పనికొస్తాడు.

2023లో టైటిల్ గెలిచిన డెన్వర్ నగ్గెట్స్ ఈ చిక్కును ఇంకోలా విప్పింది. నికోలా యోకిచ్‌లా పాసులిచ్చే సెంటర్ ప్రపంచంలో ఇంకొకడు లేడు. అతను కూర్చున్నప్పుడు అతనిలాంటివాడే, కాకపోతే కొంచెం తక్కువవాడు ఎవరైనా దొరుకుతాడా అని వెతికితే ఫలితం ఉండదు. ఆ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల్లో) కోచ్ మైకేల్ మలోన్ యోకిచ్ విశ్రాంతి సమయంలో ఫార్వర్డ్ ఆరన్ గోర్డన్‌ను సెంటర్‌గా ఆడించాడు, ఆట నడిపే పని జమాల్ మర్రేకు అప్పగించాడు. ఆట తీరే మారిపోయింది. యోకిచ్ లేని లోటు తీరిందని కాదు, తేడా మరీ పెరగకుండా ఆ కాస్త సమయం దాటింది. స్టార్ లేని నిమిషాల నుంచి అడగాల్సింది అంతే. గెలవక్కర్లేదు, మునిగిపోకుండా ఉంటే చాలు.

విశ్రాంతి ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా ఇందులో భాగమే. గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ ఏళ్ల తరబడి స్టీఫెన్ కర్రీని మొదటి, మూడో క్వార్టర్లు పూర్తిగా 12 నిమిషాలూ ఆడించి, రెండో, నాలుగో క్వార్టర్ల మొదట్లో కూర్చోబెట్టేవాడు. కర్రీకి వరసగా ఆడుతూ పోతేనే చేయి కుదురుకుంటుంది. దీనికి బదులు మొదటి క్వార్టర్‌లో ఆరేడు నిమిషాలకే స్టార్‌ను తీసేసి, క్వార్టర్ చివర్లో బెంచ్‌తో కలిపి మళ్లీ దించే పద్ధతి కూడా ఉంది. ఎన్‌బీఏలో ప్రతి క్వార్టర్‌లో 7 నిమిషాల లోపు ఒకటి, 3 నిమిషాల లోపు ఒకటి తప్పనిసరి టైమౌట్లు ఉంటాయి కాబట్టి మార్పులు సహజంగా అక్కడే పడతాయి. జట్టులో స్టార్ ఒక్కడే అయితే నేను రెండో పద్ధతికే ఓటు వేస్తాను. అతను బెంచ్‌తో ఆడే నిమిషాలు పెరుగుతాయి, ఒకేసారి ఎక్కువసేపు దూరంగా ఉండడు. పక్కన రెండో స్టార్ ఉంటే కర్రీ పద్ధతి ప్రశాంతంగా నడుస్తుంది.

ఐదో స్థానం

చాలా జట్లలో నలుగురు స్టార్టర్ల మీద తగాదా ఉండదు. ఐదో కుర్చీ దగ్గరే గొంతులు లేస్తాయి. ఒకవైపు పాయింట్లు కొట్టేవాడు, ఇంకోవైపు డిఫెన్స్ చేసి, బంతి పెద్దగా ముట్టుకోకుండా మూలన నిలబడి షాట్ వేసేవాడు. మొదటివాడే మంచి ఆటగాడని అందరికీ తెలుసు. అయినా రెండోవాడిని స్టార్ట్ చేయడమే చాలాసార్లు సరైన ఎంపిక. ఇప్పటికే బంతి కావాల్సినవాళ్లు ఇద్దరు ఉన్నచోట మూడోవాడు వచ్చి చేరితే అతని బలం అక్కడ వృథా అవుతుంది, బెంచ్ నిమిషాలేమో ఆట నడిపేవాడు లేక ఎండిపోతాయి.

సాన్ ఆంటోనియో స్పర్స్‌లో మను జినోబిలీ సంగతి చూడండి. కెరీర్‌లో 1,057 రెగ్యులర్ సీజన్ ఆటలు ఆడితే అందులో 349 మాత్రమే స్టార్ట్ చేశాడు. 2008లో సిక్స్త్ మ్యాన్ అవార్డు గెలిచాడు, ఆ జట్టుతో నాలుగు టైటిళ్లు గెలిచాడు. అతను బెంచ్ ఆటగాడు కాబట్టి తక్కువవాడని ఎవరైనా అంటే ఆ జట్టు ఆట వాళ్లు చూడలేదన్నమాట. టోనీ పార్కర్, టిమ్ డంకన్ ఊపిరి తీసుకునే సమయంలో జినోబిలీ చేతికి బంతి వచ్చేది. ఓక్లహోమా సిటీలో హార్డెన్ కూడా అంతే. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్ ఉన్న జట్టులో బెంచ్ నుంచి వచ్చి 2012లో సిక్స్త్ మ్యాన్ అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో హ్యూస్టన్‌కు ట్రేడ్ అయ్యి, 2018లో లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. రెండు ఉదాహరణల్లో తేడా ఏమిటంటే, జినోబిలీ ఆ పాత్రలో ఏళ్ల తరబడి ఉండటానికి ఒప్పుకున్నాడు. ఎదుగుతున్న ఆటగాడిని ఎప్పటికీ ఆరో స్థానంలో పట్టి ఉంచడం కష్టం.

ఇక్కడ అభిమానులు తేలిగ్గా తీసుకునే విషయం ఒకటుంది. ఆటగాడికి స్టార్ట్ చేయడం ఉత్త పేరు కోసం కాదు. రూకీ కాంట్రాక్ట్ (లీగ్‌లో మొదటి ఒప్పందం) ముగించుకుని రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (ఇతర జట్టు ఆఫర్‌కు సరితూగి పాత జట్టు అట్టిపెట్టుకోగలవాడు) అవుతున్న ఆటగాడికి జట్టు ఇవ్వాల్సిన క్వాలిఫయింగ్ ఆఫర్ (ఏడాది ఒప్పందం) మొత్తం కూడా, అతను 41 ఆటలు స్టార్ట్ చేశాడా లేక 2,000 నిమిషాలు ఆడాడా అన్న లెక్క మీద మారుతుంది. బెంచ్ మీదికి వెళ్లమంటే మొహం మాడ్చుకున్నాడని వాడిని తిట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి. కోచ్ ముందే కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది అర్థం చేసుకుంటారు. వారియర్స్ షూటర్‌గా ఉన్న క్లే థాంప్సన్ తన మొదటి సీజన్ తర్వాత 2024 దాకా ఎప్పుడూ స్టార్టరే. 2024 ఫిబ్రవరిలో కెర్ అతని స్థానంలో కుర్రాడు బ్రాండిన్ పోజెమ్‌స్కీని స్టార్ట్ చేయించాడు. ఆ రాత్రి యూటా మీద క్లే బెంచ్ నుంచి వచ్చి 35 పాయింట్లు కొట్టాడు. అంత గొప్ప ఆటగాడు ఆ దెబ్బను తట్టుకుని అలా ఆడటం చూసి నాకు అతని మీద గౌరవం రెట్టింపయింది.

ఇక ఐదో స్థానంలో పొడుగువాడా, వేగం ఉన్నవాడా? దీనికి 2015 ఫైనల్స్ నాలుగో ఆటను మించిన పాఠం లేదు.

ఏడు ఆటల సిరీస్‌లో వారియర్స్ మీద క్లీవ్‌లాండ్ 2-1తో ముందంజలో ఉంది. లెబ్రాన్ జేమ్స్ ఆటను నెమ్మదింపజేసి వారియర్స్‌ను ఊపిరాడనివ్వడం లేదు. అప్పుడు వారియర్స్ సిబ్బందిలో కుర్రాడైన నిక్ యురెన్ పాత వీడియోలు తిరగేస్తూ, ముందటి ఏడాది ఫైనల్స్‌లో స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ చేసిన మార్పు దగ్గర ఆగాడు. పోపోవిచ్ 2014లో మూడో ఆట నుంచి సెంటర్ టియాగో స్ప్లిట్టర్ బదులు పాసులివ్వగల బోరిస్ డియాను స్టార్ట్ చేయించాడు. ఆ ఆట మొదటి సగంలోనే స్పర్స్ 71 పాయింట్లు కొట్టింది, సిరీస్ 4-1తో గెలిచింది. యురెన్ చెప్పినదాన్ని కెర్ ఒప్పుకున్నాడు. సెంటర్ ఆండ్రూ బోగట్‌ను తీసి, ఆ సీజన్ మొత్తం ఒక్క ఆట కూడా స్టార్ట్ చేయని ఆండ్రే ఇగుడాలాను దించాడు.

ఆట మొదలవగానే క్లీవ్‌లాండ్ 7-0. ఆ క్షణంలో ఏ అభిమానిని అడిగినా మార్పు బెడిసికొట్టిందనే చెప్పేవారు. కెర్ టైమౌట్ తీసుకున్నాడు కానీ లైనప్ మార్చలేదు. వారియర్స్ ఆ ఆట 103-82తో గెలిచింది, తర్వాత ఇంకో రెండు గెలిచి టైటిల్ ఎత్తింది, ఇగుడాలా ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు.

అందరూ చెప్పుకునే కథ ఇంతవరకే. నాకు ముఖ్యమనిపించేది క్లీవ్‌లాండ్ సెంటర్ మోజ్‌గోవ్ సంగతి. ఎదురుగా పొడుగువాడు లేకపోవడంతో అతను ఆ నాలుగో ఆటలో 28 పాయింట్లు కొట్టాడు. అంటే చిన్న లైనప్‌కు ధర ఉంది, వారియర్స్ ఆ ధర కట్టింది. అయినా 21 పాయింట్ల తేడాతో గెలిచిందంటే అవతలి వైపు అంతకంటే ఎక్కువ రాబట్టిందన్నమాట. అయిదో ఆటకు క్లీవ్‌లాండ్ కూడా చిన్న లైనప్‌కు దిగింది. మోజ్‌గోవ్ 9 నిమిషాలు మాత్రమే ఆడాడు, ఒక్క పాయింట్ కూడా కొట్టలేదు. తనకు లాభంగా ఉన్న ఆటగాడిని ప్రత్యర్థే తీసేసింది.

కాబట్టి పొడుగా, వేగమా అని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: వాళ్ల సెంటర్ మన మీద కొట్టే పాయింట్లు ఎక్కువా, అదే సెంటర్‌ను త్రీ-పాయింట్ లైన్ దాకా లాగి మనం కొట్టే పాయింట్లు ఎక్కువా? మీ జట్టులో నలుగురు నమ్మకమైన షూటర్లు, సెంటర్‌గా నిలబడగల గట్టి ఫార్వర్డ్ ఉంటే చిన్న లైనప్ చేతిలో ఉంచుకోండి. వారియర్స్‌లో సెంటర్‌గా నిలబడిన ఫార్వర్డ్ డ్రేమండ్ గ్రీన్ లాంటివాడు లేకుండా వారియర్స్‌ను అనుకరించిన జట్లు రీబౌండ్ల దగ్గర చేతులెత్తేస్తాయి. ఇంకో మాట, ఆ లైనప్‌ను ప్రతి ఆటా మొదటి నిమిషం నుంచీ వాడక్కర్లేదు. కెవిన్ డ్యురాంట్ వచ్చాక కూడా వారియర్స్ 2017లో సెంటర్ జాజా పచూలియాతో ఆట మొదలుపెట్టి, అసలు ఐదుగురినీ కీలక సమయానికి దాచుకునేది. గ్రీన్ లాంటివాడు 82 ఆటలూ తనకంటే బరువైన సెంటర్లతో కుస్తీ పడితే ప్లేఆఫ్స్‌కు ఒంట్లో సత్తువ మిగలదు.

ఎనిమిది మందా, పది మందా

దీనికి జవాబు క్యాలెండర్ చెబుతుంది. సీజన్‌లో 82 ఆటలు, కొన్నిసార్లు వరస రాత్రులు, గాయాలు. అప్పుడు పది మందిని ఆడించే జట్టు తాజాగా ఉంటుంది. ప్లేఆఫ్స్‌లో ఆటల మధ్య విశ్రాంతి ఎక్కువ. స్టార్లు 40 నిమిషాల దాకా ఆడతారు. ప్రత్యర్థి మీ బలహీనమైన డిఫెండర్ ఎవరో కనిపెట్టి, ప్రతిసారీ అతని మీదికే పిక్ అండ్ రోల్ (ఒకరు అడ్డం నిలబడితే ఇంకొకరు బంతితో దూసుకెళ్లే ఎత్తు) తెస్తుంది. పదో ఆటగాడికి దాక్కోవడానికి చోటుండదు.

2017-18 టొరంటో రాప్టర్స్ ఇది చేదుగా నేర్చుకుంది. ఫ్రెడ్ వాన్‌వ్లీట్, డెలాన్ రైట్, సీజే మైల్స్, పాస్కల్ సియాకమ్, యాకోబ్ పోల్టిల్ కలిసి వస్తే అవతలి బెంచ్‌లు చెదిరిపోయేవి. జట్టు 59 ఆటలు గెలిచి ఈస్ట్‌లో (లీగ్ తూర్పు విభాగంలో) మొదటి స్థానంలో నిలిచింది. రెండో రౌండ్‌లో క్లీవ్‌లాండ్ 4-0తో ఊడ్చేసింది. డ్వేన్ కేసీ ఆ ఏడాది కోచ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు అందుకునే సమయానికి టొరంటో అతన్ని తీసేసి ఉంది. బెంచ్ ఐదుగురిని ఒక గుంపుగా దించే పద్ధతి సీజన్‌లో ఎంత అందంగా ఉన్నా, అవతల లెబ్రాన్ కూర్చోనప్పుడు ఆ గుంపు ఆడాల్సింది బెంచ్‌తో కాదు, అతనితోనే. అలాగని ఆ ఆటగాళ్లు తక్కువవాళ్లు కాదు. మరుసటి ఏడాది టైటిల్ గెలిచిన జట్టులో సియాకమ్ స్టార్టర్, ఫైనల్స్ చివరి ఆటల్లో వాన్‌వ్లీట్ కీలకం.

మరి పది మందితో ఎవరూ నెగ్గలేదా? 2013-14 స్పర్స్‌లో ఏ ఒక్కరూ సగటున 30 నిమిషాలు ఆడలేదు, టైటిల్ గెలిచింది. 2025లో రిక్ కార్లైల్ నడిపిన ఇండియానా పేసర్స్ లోతైన రొటేషన్‌తో ఫైనల్స్ ఏడో ఆట దాకా వెళ్లింది. పేసర్స్ పద్ధతి నాకు చాలా ఇష్టం. కోర్టు పొడవునా వెంటాడుతూ, ఆగకుండా పరిగెడుతూ ఆడేవారు. అలా ఆడాలంటే ఎవరూ ఎక్కువసేపు ఉండలేరు, కాబట్టి టీజే మెకానెల్, బెనెడిక్ట్ మాథురిన్ లాంటివాళ్లు రావాల్సి వచ్చేది. అంటే వాళ్ల బెంచ్ వాళ్ల ఆట తీరులోనే భాగం. మీ జట్టు నెమ్మదిగా, సగం కోర్టులో ఒక స్టార్ చుట్టూ ఆడేదైతే పది మంది రొటేషన్ వల్ల వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అక్కడ సీజన్‌లో తొమ్మిది, ప్లేఆఫ్స్‌లో ఎనిమిది సరిపోతుంది. కాకపోతే ఆ తొమ్మిదో, పదో ఆటగాడికి జనవరిలోనైనా నిజమైన నిమిషాలు ఇచ్చి ఉంచాలి. మే నెలలో ఎవరి చీలమండో మడతపడితే అతన్నే పిలవాలి.

మరో కొసన 2024-25 న్యూయార్క్ నిక్స్ ఉంది. కోచ్ టామ్ తిబోడో బ్రన్సన్, బ్రిడ్జెస్, హార్ట్, అనునోబీ, టౌన్స్ ఐదుగురినీ లీగ్‌లో ఇంకే ఐదుగురూ కలిసి ఆడనన్ని నిమిషాలు ఆడించాడు. అలవాటు వల్ల వచ్చే కుదురు ఒక బలం, ఒప్పుకుంటాను. కానీ అదే ఐదుగురు సీజన్ రెండో సగంలో తడబడుతున్నా మార్పు రాలేదు.

ఓడితే మార్చాలా, ఓపిక పట్టాలా

ఆ నిక్స్ కథ ఇక్కడికే దారితీస్తుంది. 2025 ఈస్ట్ ఫైనల్స్‌లో పేసర్స్ చేతిలో సొంత కోర్టులో మొదటి రెండు ఆటలూ పోయాయి. మూడో ఆటకు తిబోడో హార్ట్‌ను బెంచ్‌కు పంపి సెంటర్ మిచెల్ రాబిన్సన్‌ను స్టార్ట్ చేయించాడు. నిక్స్ ఆ ఆట గెలిచింది, సిరీస్ మాత్రం 4-2తో ఓడింది. తర్వాత కోచ్ ఉద్యోగం పోయింది. నా దృష్టిలో ఆ మార్పు మంచిదే, కానీ రావాల్సింది మే నెలలో కాదు. సీజన్‌లో పది పదిహేను ఆటలు ఆ లైనప్‌ను వాడి చూసి ఉంటే సిరీస్ మొదలయ్యేసరికి అది చేతికి అలవాటైన పనిముట్టు అయ్యుండేది.

దీనికి ఎదురు ఉదాహరణ అదే ఏడాది ఫైనల్స్‌లో దొరుకుతుంది. 68 ఆటలు గెలిచిన ఓక్లహోమా సిటీ థండర్ మొదటి ఆటకే సెంటర్ హార్టెన్‌స్టైన్‌ను తీసి గార్డ్ కేసన్ వాలెస్‌ను స్టార్ట్ చేయించింది. ఆ ఆట 111-110తో చివరి క్షణంలో పోయింది. సిరీస్‌లో 2-1తో వెనకబడ్డాక నాలుగో ఆటకు హార్టెన్‌స్టైన్‌ను మళ్లీ తెచ్చారు, ఆ ఆట గెలిచారు, చివరికి టైటిల్ కూడా గెలిచారు. మార్చడం, వెనక్కి తీసుకోవడం రెండూ ఆ జట్టుకు కొత్త కాదు. కోచ్ మార్క్ డేగ్‌నాల్ట్ సీజన్ పొడవునా రకరకాల లైనప్‌లు తిప్పాడు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. 2011లో ఇదే కార్లైల్, డల్లస్ కోచ్‌గా ఉన్నప్పుడు, మయామీ మీద 2-1తో వెనకబడ్డాక పొట్టి గార్డ్ జె.జె. బరేయాను స్టార్ట్ చేయించి వరసగా మూడు ఆటలు గెలిచాడు.

ఈ కథలు విని ప్రతి ఓటమికీ లైనప్ మార్చమని అడగకండి. ప్లస్-మైనస్ అంకెలు (ఎవరు కోర్టు మీద ఉన్నప్పుడు జట్టు ఎన్ని పాయింట్లు ముందున్నదో, వెనకబడ్డదో) చూపించి వాదించేవాళ్లకు ఒక చిన్న లెక్క. ఎన్‌బీఏలో 48 నిమిషాలకు ఒక్కో జట్టుకు సుమారు 100 పొసెషన్లు (బంతి చేతికొచ్చే వంతులు). ఒక ఐదుగురి లైనప్ 100 నిమిషాలు ఆడిందంటే సుమారు 208 పొసెషన్లు. ఆ సమయంలో ప్రత్యర్థులు మామూలుగా తప్పే ఐదు త్రీ-పాయింటర్లు ఎక్కువగా పడ్డాయనుకోండి. 15 పాయింట్లు పోయాయి. వంద పొసెషన్లకు చూస్తే ఏడు పాయింట్లకు పైగా తేడా. మంచి లైనప్‌ను చెడ్డదిగా చూపించడానికి ఆ ఐదు షాట్లు చాలు. వంద నిమిషాల అంకెలతో ఎవరినీ బెంచ్‌కు పంపకూడదు.

అంకెల కంటే ముందు కళ్లకు కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. మీ షూటర్ కాని ఆటగాడిని కాయాల్సినవాడు అతన్ని వదిలేసి రింగ్ దగ్గర నిలబడుతున్నాడా? స్టార్ డ్రైవ్ చేసిన ప్రతిసారీ అక్కడ రెండో డిఫెండర్ సిద్ధంగా ఉంటున్నాడా? మూడో క్వార్టర్ మొదట్లోనూ అదే తీరుగా వెనకబడుతున్నారా? ఇవి వరసగా ఆటాట కనిపిస్తుంటే అది దురదృష్టం కాదు, కూర్పులోనే లోపం. ఇక స్టార్టర్‌కు మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫౌల్స్ పడి లైనప్ చెదిరిన ఆటలను ఈ లెక్కలోకి తీసుకోకండి.

కుర్రాడా, అనుభవజ్ఞుడా అన్న తగువు నాకు అంత కష్టంగా అనిపించదు. బంతి అక్కర్లేని కుర్రాడు, అంటే పరిగెత్తి డిఫెన్స్ చేసేవాడు, స్టార్ల పక్కన సులువుగా స్టార్ట్ చేయగలడు, అతని తప్పులు వాళ్లు కప్పుతారు. బంతి నడిపే కుర్రాడు బెంచ్‌తో, అవతలి బెంచ్ మీద ఆడుతూ నేర్చుకోవడమే మేలు.

చివరి ఐదు నిమిషాలు

ఆట ముగించే ఐదుగురిని కూడా ముందే అనుకోవాలి, కానీ రాసి పెట్టేయకూడదు. నలుగురిని ఖాయం చేసుకుని ఐదో స్థానం ఖాళీగా ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. ఆ రోజు ఎవరు బాగా ఆడుతున్నారు, ప్రత్యర్థి కోర్టు మీద ఎవరిని ఉంచింది అన్నదాన్ని బట్టి అది నిండుతుంది. 2024 ఫైనల్స్ మొదటి ఆటలో గాయం నుంచి తిరిగొచ్చిన పోర్జింగిస్‌ను బోస్టన్ బెంచ్ నుంచి దించింది. 21 నిమిషాల్లో 20 పాయింట్లు కొట్టాడు. అల్ హోర్ఫర్డ్ స్టార్ట్ చేశాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపు ఆ ఇద్దరిలో లేదు కాబట్టే కోచ్‌కు ఆ స్వేచ్ఛ దొరికింది.

ముగించే ఐదుగురిలో ఫ్రీ త్రోలు వేయలేనివాడు ఉంటే ఒక ఏర్పాటు ఉండాలి. ఆధిక్యంలో ఉన్న జట్టుకు చివరి నిమిషంలో ప్రత్యర్థి కావాలని ఫౌల్ చేస్తుంది. అప్పుడు బంతి మనదైతే షూటర్‌ను, బంతి వాళ్లదైతే డిఫెండర్‌ను టైమౌట్ దొరికినప్పుడల్లా మారుస్తూ పోవాలి. అందుకోసం కోచ్ రెండు టైమౌట్లు మిగుల్చుకోవాలి, ఆ ఇద్దరు ఆటగాళ్లూ బెంచ్ మీద ఒళ్లు చల్లబడకుండా నాలుగో క్వార్టర్‌లో కాసేపైనా ఆడి ఉండాలి. మీరు వేసుకున్న 240 నిమిషాల కాగితంలో ఆ రెండు మూడు నిమిషాలు ఎవరి దగ్గర తీశారో చూసుకోండి.